ఇంటనుండి ప్రోగ్రామింగు నేర్చుకొనుట

అరిసెల పాకము పట్టుట చూచినవారికి అది మిక్కిలి సులభమైన పనిగనే తోచును. అమ్మమ్మ రెండు చుక్కల పాకమును నీళ్లపళ్లెములో వేయును. వ్రేళ్లతో ఉండచేసి చూచును. "చాలును, దింపుము" అనును. పది సంవత్సరములు ఆ ప్రక్కనే కూర్చుండి చూచిన పిల్ల, అత్తవారింట తొలి సంక్రాంతికి తానే గరిటె పట్టిననాడు గాని తనకేమియు రాదని తెలిసికొనదు. పాకము ముదిరెనా, అరిసెలు రాళ్లగును. లేతదయ్యెనా, నూనెలో విడిపోవును. చూచిన పని కన్నులకు వచ్చినదే కాని చేతికి రాలేదు.

మేమిప్పుడు వ్రాయబూనినది వంటనుగూర్చి కాదు. కంప్యూటరుచేత పని చేయించు విద్యను, అనగా ప్రోగ్రామింగును, వీడియో పాఠముల మూలమున ఇంటనుండియే నేర్చుకొనగోరు సోదరీమణులు నేడనేకులు కలరు. డిగ్రీ చదివి, పిల్లల పెంపకమునకై ఉద్యోగము విడిచి, మఱల నొక పని చేపట్టదలచినవారు కొందఱు. 2020 సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతి మొదలగు దశలో పిల్లలకు కోడింగు నేర్పవలెనని చెప్పుటచే, బిడ్డల ప్రక్కన కూర్చుండి తామును తెలిసికొనగోరు తల్లులు కొందఱు. విద్యమీది మక్కువచేతనే మొదలుపెట్టువారు మఱికొందఱు. వీరికెవ్వరికిని గురువుల కొదువ లేదు. యూట్యూబు తెఱచి వెదకినచో చూచి ముగింపరానన్ని పాఠములు కనబడును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. గురువు దొరకకపోవుట యొక కష్టము; వేయిమంది గురువులలో మంచివారెవరో ఎఱుగలేకపోవుట మఱియొక కష్టము.

ఈ విద్య స్త్రీలకు క్రొత్తది కాదని మొదటనే చెప్పుట మంచిది. యంత్రముచేత లెక్క చేయించు క్రమమును 1843లోనే వివరించి ప్రకటించిన అడా లవ్‌లేస్ స్త్రీయే. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను మహాయంత్రమునకు లెక్కల క్రమమును కూర్చినవారు ఆరుగురు స్త్రీలు. వారికి పాఠ్యపుస్తకము లేదు. బోధించు గురువు లేడు. యంత్రపు పటములను ముందు పఱచుకొని తామే నేర్చుకొనిరి. వారికి లేని సౌకర్యములు మనకెన్నియో కలవు. వానిని ఎంచుకొను విధమే తెలియవలసియున్నది.

మాకు జరిగిన పరాభవము

కొన్ని సంవత్సరముల క్రిందట మేమును పైథాను అను కంప్యూటరు భాషను నేర్చుకొనదలచితిమి. గైడో వాన్ రోసమ్ అను డచ్చి దేశీయుడు నిర్మించి 1991లో వెలువరించిన భాష యిది. క్రొత్తవారికి నేడు తఱచుగా చెప్పబడునదియు నిదియే. పిల్లలు బడికి పోయి, వంట ముగిసి, సాయంకాలపు పనులు మొదలగులోపల దొరకు ఒక్క గంట మాది. లక్షలమంది చూచిన పాఠము నొకదానిని ఎంచుకొంటిమి. ఉపాధ్యాయుడు నవ్వుచు చక్కగా చెప్పుచుండెను. తెరమీద నొక మాటను చూపించు మొట్టమొదటి పంక్తిని ఆయన యెట్లు వ్రాసెనో, అక్షరము తప్పక మేమును అట్లే వ్రాసితిమి. ఆయన యంత్రము పలికినది. మా యంత్రము ఎఱ్ఱని అక్షరములతో తప్పని చెప్పినది. నాలుగు సారులు చెరిపి వ్రాసితిమి; నాలుగు సారులును అదే తీర్పు. "ఈ వయస్సున మనకేల యీ చదువు" అని యంత్రము మూసి, రెండు నెలలు దానివంక చూడలేదు.

సెలవులకు వచ్చిన మా చెల్లెలి కుమార్తె సంగతి విని ఆ పాఠమును తెఱపించి చూచి నవ్వినది. "పెద్దమ్మా, నీ తప్పేమియు లేదు. ఈ పాఠమే పాతది" అన్నది.

సంగతి యిది. పైథాను రెండవ రూపమున "ప్రింట్" అను మాట తరువాత వాక్యమును ఊరక వ్రాసినచో చాలును. 2008 డిసెంబరులో వెలువడిన మూడవ రూపమున ఆ వాక్యమును కుండలీకరణములలో ఉంచవలెను. రెండవ రూపమునకు పోషణ 2020 జనవరి 1వ తేదితో నిలిచిపోయినది. కాని దానిని బోధించిన పాఠములు మాత్రము తెరమీద నట్లే యున్నవి. వానికి ముదిమి కనబడదు. ఇంతకంటె సిగ్గుపడవలసిన దొకటి కలదు: ఆ యెఱ్ఱ అక్షరముల చివరి పంక్తిలో కుండలీకరణములు లేవని యంత్రమే స్పష్టముగా చెప్పియున్నది. మేము భయపడి చదువలేదు.

ఇట్లు పాఠపు దోషమును తమ బుద్ధిదోషముగా నెంచుకొని యీ విద్యను మొదటి వారముననే విడిచిన స్త్రీలు మా యెఱుకలోనే కొందఱు కలరు. ఇంట నొంటిగా నేర్చుకొనువారికి "తప్పు నీది కాదు" అని చెప్పువారు ప్రక్కన నుండరు. మేమీ వ్యాసము వ్రాయుటకు కారణమిదియే.

చూచుటవలన కలుగు భ్రమ

పాఠము పాతది కానంతమాత్రమున మంచిది కాదు. మైకేల్ కార్దాస్, ఎడ్ ఒబ్రయన్ అను పరిశోధకులు 2018లో ప్రకటించిన పరిశోధన యొకటి మనకు మిక్కిలి ఉపయోగపడును. గుఱికి ముల్లు విసరుట మొదలగు పనులను చూపు వీడియోను కొందఱికి ఒక్కసారియు, కొందఱికి ఇరువది సారులును చూపిరి. ఇరువది సారులు చూచినవారు తాము ఆ పనిని చక్కగా చేయగలమని గట్టిగా నమ్మిరి. చేయించి చూడగా, ఒక్కసారి చూచినవారికంటె వారేమియు మెఱుగుగా చేయలేదు. చూచిన కొలది నమ్మకము పెరిగినది, నేర్పు పెరుగలేదు. మన అరిసెల పాకమువంటిదే యిది.

కావున పాఠము వినునప్పుడు అంతయు తెలిసినట్లు సుఖముగా నుండుట దానికి గుణము కాదు. పాఠము మూసిన తరువాత మన చేయి ఏమి చేయగలదో అదియే దాని విలువ.

మంచి పాఠమునకు గుఱుతులు

మొదట తేదిని చూడవలెను. ప్రతి పాఠము క్రిందను అది ప్రచురింపబడిన కాలము కనబడును. పైథాను పాఠమైనచో మూడవ రూపమును బోధించునదిగా నుండవలెను. చూచినవారి సంఖ్యను నమ్మరాదు. పాత పాఠమునకు సహజముగనే ఆ సంఖ్య పెద్దదై యుండును. నచ్చనివారి సంఖ్యను చూపుట యూట్యూబు 2021 నవంబరులో మానివేసినందున, ఎందఱు విసిగిపోయిరో మనకు తెలియదు.

రెండవది, పాఠము చిన్న తునుకలుగా నుండవలెను. ఫిలిప్ గువో మొదలగు పరిశోధకులు 2014లో ఎడెక్స్ అను విద్యాసంస్థయొక్క పాఠములను 69 లక్షల పర్యాయములు చూచిన వివరములను పరిశీలించి, 6 నిమిషములకు మించని పాఠములే ఎక్కువ శ్రద్ధతో చూడబడుచున్నవని తెలిపిరి. పొయ్యిమీద పాలుంచి వచ్చి కూర్చుండు మనకు ఈ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆఱుగంటల పాఠమైనను భాగములుగా విభజింపబడియున్నచో నష్టములేదు.

మూడవది, ఉపాధ్యాయుడు మన యెదుటనే ఒక్కొక్క పంక్తిని వ్రాయవలెను. ఏల వ్రాయుచున్నాడో చెప్పవలెను. ముందే వ్రాసి యుంచినదానిని చూపుచు చదివిపోవు పాఠము వంట కాదు, వడ్డన.

నాలుగవదియు మాకు అన్నిటికంటె ముఖ్యమైనదియు నేమన, ఆయన తప్పు చేసి చూపవలెను. ఎఱ్ఱని అక్షరములు వచ్చినప్పుడు వానిని దాచక, చదివి, సరిచేయు విధము నేర్పువాడే గురువు. తప్పేలేని పాఠము నేర్చుకొనువారిని పిఱికివారిని చేయును.

అయిదవది, ప్రతి పాఠము చివరను చేయవలసిన అభ్యాసము లుండవలెను.

ఎచ్చట దొరకును?

తెలుగున వినదలచినవారు బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములను మొదట చూడవచ్చును. ఒక్కొక్కటి సుమారు 10 నిమిషములది. తెరమీది అక్షరములు ఆంగ్లముననే యుండును. వివరించు గొంతు మాత్రము తెలుగు మొదలగు భారతీయ భాషలలో వినబడును. ఒక ప్రక్క పాఠమును, ఒక ప్రక్క మన పనిని ఉంచుకొని, వారు చేసినది ఆపి ఆపి మనము చేయుటయే ఆ పాఠముల పద్ధతి. అన్ని విషయములకును తెలుగు పలుకు లేదు గాన జాబితాలో చూచుకొనవలెను. అందు కొన్ని పాత పాఠములును కలవు. తేది చూచుకొనుట మఱవరాదు.

ఆంగ్లము వినగలవారికి ఏడు ఐ.ఐ.టి.లును బెంగుళూరు విజ్ఞానసంస్థయు కలసి 2003లో ఆరంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములు కలవు. వానిలో రోపడ్ ఐ.ఐ.టి. ఆచార్యుడు సుదర్శన్ అయ్యంగారు చెప్పిన "జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్" క్రొత్తవారికొఱకే యేర్పడినది. పాఠములకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము కోరువారే చెల్లింపవలెను. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయపు చార్లెస్ సెవరెన్స్ ఆచార్యుని "పైథాన్ ఫర్ ఎవ్రిబడీ" మెల్లగా నడచును. పుస్తకమును పాఠములును ఉచితమే. హార్వర్డు వారి సి.ఎస్.50 మిగుల ప్రసిద్ధమైనది, ఉత్సాహకరమైనది. కాని దాని ఉపన్యాసములు దీర్ఘములు, అభ్యాసములు కఠినములు. వారమునకు కొన్ని గంటల తీఱిక యున్నవారికే తగును.

ఆంగ్లము చాలదని వెఱచువారు ఒక్కటి తెలిసికొనవలెను. పైథాను భాషకు సొంతమైన ముఖ్యపదములు 35 మాత్రమే. మన ఉగ్రాణములోని డబ్బాల పేర్లు అంతకంటె నెక్కువ యుండును.

పాలలెక్క పరీక్ష

ఇక మేము పాఠములను పరీక్షించు విధమును చెప్పెదము. పాఠమును ఒకసారి వినుడు. తరువాత మూసివేయుడు. అందు చెప్పిన దృష్టాంతమును కాక, మీ యింటి లెక్క నొకదానిని చేయించి చూడుడు. నెలలో ఉదయము వచ్చిన పాలు 30 లీటర్లు, సాయంకాలము వచ్చినవి 28 లీటర్లు అనుకొందము. ఈ రెండంకెలను అడిగి, కూడి, ధరతో హెచ్చించి చెప్పవలెనని యంత్రమునకు వ్రాయుడు.

తొలిసారి వ్రాసినవారికి 58 రాదు. 3028 అని వచ్చును! ఏలయన, మీటలమీద మనము కొట్టినదానిని పైథాను అంకెగా కాక అక్షరములుగా గ్రహించును. కూడుమన్నచో ఒకదాని ప్రక్కన మఱియొకటి చేర్చును. "ఇంట్" అను మాటతో వానిని అంకెలుగా మార్చిన తరువాతనే కూడించవలెను. మంచి ఉపాధ్యాయుడు ఈ 3028ని తానే ముందు చూపి నవ్వించి, పిమ్మట కారణము చెప్పును. ఆ పాఠము విన్నవారు ఈ లెక్కను ఇంచుమించుగా చేయగలుగుదురు. రెండు మూడు పాఠములు వినియు ఇట్టి చిన్న లెక్క చేయలేకపోయినచో, మిమ్ము మీరు నిందించుకొనక గురువును మార్చుడు. ఒకడు కుదిరిన పిమ్మట మాత్రము దినమున కొకనివెంట పోక, ఆ వరుసను తుదివఱకు సాగింపుడు.

పాఠము చూచుటకు ఫోను చాలును గాని, వ్రాయుటకు మీటలున్న కంప్యూటరు కావలెను. పైథానును యంత్రమున నిలుపుకొనుట కష్టమని తోచినవారు గూగుల్ కోలాబ్ అను పుటను తెఱచి అందే వ్రాయవచ్చును, వెల లేదు. ఇక ఇన్ని నెలలలో ఇంత జీతమని ఆశచూపి వేలకొలది రూపాయలడుగు ప్రకటనలు కలవు. ఉచితమైన వరుస నొకదానిని తుదిముట్ట చదువక మునుపు ఒక్క రూపాయియు నీయకుడు. అప్పటికి ఏది కొనదగినదో మీకే తెలియును.

గృహస్థులకు నొక మాట. ఇల్లాలు చదువుకొను ఆ గంటలో కాఫీ యడుగకుండుట గొప్ప సహాయము. ఆమె ముందు ఎఱ్ఱని అక్షరములు కనబడినచో నవ్వకుడు. చివరి పంక్తి చదువుమని మాత్రము చెప్పుడు.

మా చెల్లెలి కుమార్తె వెళ్లిన మూడవ వారమునకు మా పాలలెక్క సరిగా వచ్చినది. పాలవాని పుస్తకములో రెండు దినముల పాలు ఎక్కువ పడినట్లు తేలినది. అతడు ఒప్పుకొని దిద్దినాడు. ఆనాటి మా సంతోషమునకు ఆ రెండు దినముల పాలు కారణము కావు. ఈ వయస్సున మనకేల యని మూసిన యంత్రమును మఱల తెఱచితిమి గదా యన్నదే. సోదరీమణులు ఎవరైన మావలెనే మూసి యుంచినచో, ఒకసారి తెఱచి, ఆ పాఠపు తేదిని చూచెదరుగాక.