పులికాటు : ప్రళయకావేరి యొడ్డున నొక ప్రాచీన రేవు

చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 55 కిలోమీటర్ల దూరమున, తిరువళ్లూరు జిల్లాలో, ఉప్పునీటి సరస్సు దక్షిణపు కొనను పులికాటు గ్రామము గలదు. తమిళులు దీనిని పళవేర్కాడు అందురు. తెలుగువారి నోట దీనికి ప్రళయకావేరి యను పేరు నిలిచినది. స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ చదివినవారికి ఈ సరస్సు లోని దీవుల తెలుగు ఎంత మధురమైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

మన దేశమున చిలుక సరస్సు తరువాత ఇంతటి ఉప్పునీటి సరస్సు మరియొకటి లేదు. శ్రీహరికోట దీవి దీనికిని బంగాళాఖాతమునకును నడుమ గోడవలె నిలిచియున్నది. సరస్సులో అధికభాగము ఆంధ్రప్రదేశమునకును, పులికాటు గ్రామమును దక్షిణపు కొనయు తమిళనాడునకును చెందును. పటాస్కర్ తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న ఎల్లలు సవరింపబడినపుడు సత్యవేడు ప్రాంతము ఆంధ్రకును, తిరుత్తణి మదరాసునకును పోయినవి. పొన్నేరి, గుమ్మిడిపూండి ప్రాంతములలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. ఇండ్లలో తెలుగు, బడిలో తమిళము అనునది వారి నిత్యజీవితము.

గ్రామము చూడబోవువారు సాధారణముగా డచ్చివారి శ్మశానముతో ఆరంభింతురు. పురావస్తుశాఖ రక్షణలో నున్న ఆ యావరణ ద్వారమున అస్థిపంజరముల శిల్పములు చెక్కబడియున్నవి. మృత్యువును ఇంత నిర్మొగమాటముగా వాకిట నిలిపిన ఆచారము మనకు వింతగా తోచును. లోపలి రాతిపలకలపై వంశచిహ్నములును డచ్చి అక్షరములును నేటికిని స్పష్టముగా నున్నవి. వారి కోటయో, చెట్లు మొలచిన దిబ్బగా మిగిలినది. మృతుల యిండ్లు నిలిచి జీవించినవారి యిల్లు కూలిపోయిన చోటు ఇది.

డచ్చివారికి ముందే పోర్చుగీసు వారిచట వ్యాపారము సాగించిరి. 1610లో విజయనగర ప్రభువు వేంకటపతి రాయల అనుమతి పొంది డచ్చివారు కొఠీ పెట్టిరి. 1612లో పోర్చుగీసు వారు దానిని ధ్వంసము చేయగా, 1613లో గెల్డ్రియా యను కోట వెలసెను. హాలెండు దేశపు గెల్డర్లాండు పరగణా పేరది. సుమారు 1690 వరకు చోళమండల తీరమున డచ్చివారి ముఖ్యస్థానము పులికాటే. ఇచట నాణెములు ముద్రింపబడినవి, తుపాకిమందు తయారైనది. 1824 నాటి సంధి మూలమున ఇది తుదకు ఆంగ్లేయుల వశమయ్యెను.

ఐతే ఈ కథను కోటల కథగా చెప్పుట సరికాదని నా అభిప్రాయము. ఈ రేవును బ్రదికించినది వస్త్రము. లోపలి గ్రామముల సాలెవారు నేసిన, అద్దకపువారు రంగులద్దిన బట్టలు ఓడలలో తూర్పుదీవులకు పోయి లవంగములకును జాజికాయలకును మారకమైనవి. 17వ శతాబ్ది పూర్వార్ధమున డచ్చివారికి సరకు సమకూర్చిన వర్తకులలో అగ్రగణ్యులు బలిజ సెట్టులైన సోదరులు: డచ్చి కాగితములలో మలయ యను పేర కానవచ్చు అచ్యుతప్ప సెట్టి, అతని తమ్ముడు చిన్నన్న. ఓడలును రాజకార్యములును వారి చేత నుండెను. శ్మశానమున చెక్కిన పేర్లను చదువుచున్నపుడు, ఈ సెట్టుల పేరు చూపు రాయి ఒకటియు లేదేయని మనసు చివుక్కుమనును. పులికాటు చేతిరుమాళ్ల ఖ్యాతి ఎంతటిదనగా, మెక్సికో దేశీయులు రుమాలుకు వాడు ‘పాలియకాతె’ శబ్దము ఈ యూరి పేరునుండి పుట్టినదని పలువురి మతము.

వస్త్రముతోపాటు మనుష్యులును అమ్ముడుపోయిరి. కరవుకాలమున ఆకలిచే తమ్ము తాము, తమ బిడ్డలను అమ్ముకొన్నవారిని డచ్చివారు ఓడల కెక్కించిరి. 1622-23లో పులికాటు, దేవనాంపట్టినము మున్నగు రేవులనుండి 1,900 మంది బానిసలు పంపబడిరి. యాత్రికులకు చెప్పు ముచ్చటలలో ఈ మాట తరచుగా వినరాదు.

దీని ప్రక్కనే మరియొక వృత్తాంతమును చెప్పవలెను. అబ్రహాం రోగెరియస్ అను డచ్చి మతాచార్యుడు 1630లలో ఇచట పదేండ్లపాటు నివసించెను. పద్మనాభుడను బ్రాహ్మణునితో అతనికి స్నేహము కలిగెను. పద్మనాభునికి డచ్చి రాదు; పోర్చుగీసు కొంత వచ్చును. అతడు భర్తృహరి శ్లోకముల యర్థమును పోర్చుగీసున చెప్పగా, రోగెరియస్ డచ్చిలోనికి మార్చెను. ఆయన మరణానంతరము 1651లో లైడెను నగరమున ఆ గ్రంథము వెలువడెను. ఐరోపా భాషలలోనికి పోయిన తొలి సంస్కృత కవిత్వములలో ఇదియొకటి. ఏనుగు లక్ష్మణకవి పద్యములచే భర్తృహరి నెరిగిన మనకు, అంతకు ముందే ఆ సుభాషితములు ఈ ఉప్పుగాలిలో రెండు పరభాషల మీదుగా సముద్రము దాటినవని తెలియుట ఆనందదాయకము. రాయిపై పేరు లేకున్నను, పద్మనాభుని పేరు మాత్రము ఆ గ్రంథమున నిలిచినది.

గ్రామమున ఎర్రరాతితో కట్టిన ఆదినారాయణ పెరుమాళ్ ఆలయము గలదు. అందలి రామాయణ శిల్పములు జానెడు పలకలపై అతి సూక్ష్మముగా చెక్కబడినవి, ఓపికతో చూడవలెను. మహిమమాత చర్చి పోర్చుగీసు వారి నాటిది. మరక్కాయరు ముసల్మానులు మలయా దీవులతో నోడవర్తకము చేసిన వంశములవారు. అరబ్బీ లిపిలో తమిళము వ్రాయు సంప్రదాయము వారిది. వారి స్త్రీలు తాటాకుతో అల్లు బుట్టలు, పెట్టెలు కొని తెచ్చుకొనదగినవి. శీతకాలమున సరస్సులో ఫ్లెమింగో పక్షులు గుంపులుగా దిగును.

జాలరుల వ్యవహారము ప్రత్యేకముగా గమనింపదగినది. సరస్సులో చేపలు పడు తావులను ‘పాడు’ అను కట్టుబాటు ప్రకారము వంతులవారీగా పంచుకొందురు. మంచి తావు ఏ ఒక్కరి సొత్తును కాదు. నేడు ఒకరిది, మరునాడు మరియొకరిది. ఈ పంపకమునకు ఆధారము నీరు, నీటికి ఆధారము మొగ. సముద్రపుటలలు ఇసుక మేటవేసి మొగను పూడ్చినపుడు సరస్సులోనికి నీటి రాకపోకలు నిలిచి, రొయ్య తగ్గును. అప్పుడు జాలరులు తామే పూనుకొని త్రవ్వుకొన్న సందర్భములును గలవు. సమీపపు కాట్టుపల్లి రేవు విస్తరణ ప్రతిపాదనను వారు తీవ్రముగా నెదిరించుటకు కారణమిదే: తీరము కోసుకొనిపోయినచో సరస్సునకును సముద్రమునకును నడుమనున్న సన్నని ఇసుకకట్ట నిలువదని వారి భయము.