శిలాయుధములును చెక్కుడుపెచ్చులును

1863వ సంవత్సరమున రాబర్టు బ్రూసు ఫూటుదొర చెన్నపట్టణము చెంతనున్న పల్లావరమున ప్రాచీన శిలాయుధమును గుర్తించినది మొదలు మన దేశమున చేతిగొడ్డండ్లకు లభించిన యాదరము, వానిని చెక్కునపుడు రాలిన పెచ్చులకు చిరకాలము లభింపలేదు. ఇది యుచితము గాదు. ఆయుధము మనుష్యుని వెంట పోవును. పెచ్చు తఱచుగా రాలినచోటనే యుండును. కావున ఒక తావున జరిగిన పనికి పెచ్చే సన్నిహితసాక్షి.

దాని నెట్లు గుర్తింపవలెను? సుత్తిఱాతి దెబ్బ తగిలిన యంచునకు దిగువ, లోపలివైపున, చిన్న యుబ్బు ఏర్పడును. అందుండి నీటి యలలవంటి రేఖలు వ్యాపించును. ఎండకు వానకు పగిలిన ముక్కలయందు ఈ లక్షణములు కలిసి కనుపట్టుట యరుదు. వీపున శిలయొక్క పాతబెరడు నిండుగా నున్న పెచ్చు సాధారణముగా మొదట రాలినది. బెరడు లేక పూర్వపు దెబ్బల గాట్లే యున్నది తరువాతిది. బెరడుపెచ్చులు విస్తారముగా నున్నచోట శిలను తొలుత చీల్చిరనియు, పలుచని చిన్నపెచ్చులే దొరకుచోట సగము చేసి తెచ్చిన పనిముట్టును తీర్చిరనియు ఊహింపవచ్చును. గోటికంటె సన్నని పలుకులు పెద్దపెచ్చులతో కలిసియున్నచో ఆ తావును ప్రవాహము అంతగా కడుగలేదని తెలియును. ఈ సాక్ష్యము జల్లెడపట్టినవారికే దక్కును. సొగసైన గొడ్డలిని మాత్రము ఏరి పాఠశాల బీరువాలో నుంచు మన యలవాటువలన అది యెంత నశించినదో!

కర్ణాటకమున హుణసగిలోయలోని ఇసంపూరు దీనికి మంచి యుదాహరణము. కాట్రగడ్డ పద్దయ్యగారును వారి సహచరులును త్రవ్విన యా స్థలము సుమారు 12 లక్షల యేండ్లనాటిదని లెక్కింపబడినది. అచట సున్నపుఱాతి పలకలు, వానిని కొట్టిన వేఱుజాతి సుత్తిఱాళ్లు, సగములో విడిచిన పనిముట్లు, పెచ్చులు ఒక్కచోటనే పడియున్నవి. నీరు త్రోసితెచ్చిన ప్రోగు ఇట్లుండదు. అది ఱాతిగనియు కార్యశాలయు నయిన తావు.

ఇంతకంటె విచిత్రమైనది ఇంగ్లండున ససెక్సుసీమలోని బాక్సుగ్రోవున కలదు. అచట సుమారు 5 లక్షల యేండ్లక్రిందట ఒక గుఱ్ఱమును కోసిరి. ఆ చుట్టునున్న పెచ్చులను పరిశోధకులు ఒకదానికొకటి అతికించి చూడగా నడుమ బోలు మిగిలెను. ఆ బోలే చేతిగొడ్డలి యాకారము. గొడ్డలి మాత్రము లేదు, చేసినవారు తీసికొనిపోయిరి. ప్రత్యయము లోపించినను తన్నిమిత్తకార్యము నిలుచునని పాణినీయమున చదివినవారికి ఇది వింతగా తోపదు. అయితే వ్యాకరణమున లోపమును సూత్రకారుడే విధించును. ఇచట అతుకు కుదిరినంతవఱకే దానిని నమ్మవలయును.