పాట కొన్నట్టా, అద్దెకు తెచ్చుకున్నట్టా?

మా వికారాబాదు, తాండూరు వైపు నలుగురు ఆడవాళ్లం కూర్చుంటే ఈమధ్య ఒక మాట తప్పకుండా వస్తోంది. పాటలకు ఏ ఆప్ మంచిది, చేతిలో పట్టే చిన్న ప్లేయరు ఏది కొనాలి అని. ఈ రెండూ వేరువేరు సంగతులనుకుంటాం గానీ, కావండీ. ఆప్‌లో దించుకున్న పాట ప్లేయర్లో పలకకపోతే రెండు ఖర్చులూ దండగే కదా!

నెలకింతని చందా కట్టి జియోసావన్, స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ లాంటి వాటిలో "డౌన్‌లోడ్" అని నొక్కుతాం. పాట ఫోనులోకి వచ్చింది గనక ఇక మనదే అనుకుంటాం. నిజానికి అది తాళం వేసిన పెట్టె. తాళంచెవి ఆప్ దగ్గరే ఉంటుంది. స్పాటిఫైలోనైతే 30 రోజులకొకసారైనా ఇంటర్నెట్ తగిలించాలి. చందా ఆగిందా, దించుకున్నవీ ఆగిపోతాయి. ఆ పాటను కార్డులోకి ఎక్కించి వేరే ప్లేయర్లో పెట్టుకుందామన్నా కుదరదు.

తాండూరులో మా వదినగారు చూపు తగ్గిన అత్తగారి కోసం ఇలాగే ఒక ఆప్‌లో కీర్తనలన్నీ దించిపెట్టారు. చందా గడువు దాటిన మర్నాడు తెల్లవారుజామున ఆ పెద్దావిడ మీట నొక్కితే చప్పుడే లేదు. ఫోను పాడయిందేమోనని ఇంట్లో ఎవరినీ లేపకుండా పొద్దెక్కేదాకా అలాగే కూర్చున్నారట.

కంపెనీలు కూడా శాశ్వతం కాదు. 2014లో వచ్చిన వింక్ మ్యూజిక్ 2024లో మూతపడింది. అంతకుముందు 2012లో ఫ్లిప్‌కార్టువాళ్లు ఫ్లైట్ అని పాటల దుకాణం తెరిచి, 2013లోనే కట్టేశారు. అయితే ఫ్లైట్‌లో అమ్మినవి తాళం లేని ఎంపీ3 పాటలు. దించి దాచుకున్నవాళ్లకు దుకాణం పోయినా పాట మిగిలింది. తేడా అక్కడుందన్నమాట.

అద్దె ఇల్లు తప్పని నేననను. పిల్లలకు వారానికో కొత్త పాట కావాలి, దానికి చందాయే చవక. రోజూ వినే పాత పాటలు, భక్తి పాటలు మాత్రం సొంతంగా ఉండాలంటాను. ఐట్యూన్స్ స్టోరులో విడిగా కొన్న పాటకు తాళం ఉండదు. అదే కంపెనీ ఆపిల్ మ్యూజిక్ చందాతో దించినదానికి ఉంటుంది! ఇంట్లో పాత సీడీలుంటే కంప్యూటరు మీద ఎంపీ3గా మార్చుకోవచ్చు. బజార్లో వంద రూపాయలకు కార్డు నిండా పాటలు ఎక్కించి ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. హక్కులు లేకుండా అలా అమ్మడం 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం నేరం.

ఇక ప్లేయరు. ఐపాడ్ తయారీ 2022లో ఆగిపోయింది, పాతది ఎవరైనా అమ్మజూపితే బ్యాటరీ సంగతి చూసుకోండి. పెద్దవాళ్లకు అద్దంలాంటి తెర కంటే చేతికి తగిలే మీటలే మేలు. 2017లో మొదట హిందీ పాటలతో వచ్చిన సారేగామా కారవాన్ పెట్టె తరువాత తెలుగులోనూ వచ్చింది. పాటలు లోపలే ఉంటాయి. పెన్‌డ్రైవు పెట్టుకునే వీలున్న రకమైతే మన పాటలూ వినవచ్చు.

కార్డు ఎంతది కావాలంటారా? 128 రకం ఎంపీ3 నిమిషానికి సుమారు ఒక ఎంబీ. నాలుగు నిమిషాల పాటకు నాలుగు. 8 జీబీ కార్డులో దాదాపు 2000 పాటలు పడతాయి. 320 రకమైతే నాదం మెరుగు, పాటలు 800 దాకానే. వంటింట్లో కుక్కరు కూతల మధ్య వినేదానికి నాకు 128 చాలు. పెద్ద కార్డు కొనేముందు మీ ప్లేయరు ఎంతవరకు తీసుకుంటుందో అడగండి. చవక ప్లేయర్లలో తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనబడతాయి గనక పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు 01, 02 అని అంకె వేసి రాసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనవి ఏ ఆప్‌లోనూ దొరకవు. మన అమ్మలు, అత్తలు పాడే బతుకమ్మ పాటలు, లాలి పాటలు, ఏ ఇంటికి ఆ ఇంటి చరణాలతో! ఇప్పుడే ఫోనులో రికార్డు చేయండి. వాట్సాప్‌లో ఉన్నాయిలే అనుకోవద్దు, ఫోను మార్చినప్పుడు పోతే మళ్లీ పాడటానికి ఆ గొంతు ఉండాలి కదా. ఎంపీ3గా మార్చి కార్డులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి ఉంచండి.

ప్లేయరు కొనడానికి వెళ్లేటప్పుడు అలాంటి పాట ఒకటి ఉన్న కార్డును మీరే తీసుకెళ్లండి. డబ్బు ఇవ్వకముందే కొట్లో పెట్టించి వినండి. మీటలు నొక్కడం మాత్రం ఆ ప్లేయరు ఎవరి కోసమో వాళ్లచేతే చేయించండి.