మాక్రో కెమెరాతో చర్మం మీద మచ్చ గుట్టు తెలుస్తుందా? డెర్మటోస్కోప్ అసలు ఎలా పనిచేస్తుందంటే..

మీ నాన్న ముక్కు పక్కన నెలలుగా మానని నల్ల పొక్కు ఉందనుకోండి. ఫోన్‌లో మాక్రో మోడ్ పెట్టి ఫొటో తీస్తారు. 50 మెగాపిక్సెల్ కెమెరా అయినా అందులో ఎక్కువగా కనిపించేది చర్మం పైపొర మెరుపే.

ఇక్కడ సమస్య జూమ్ కాదు, వెలుతురు. డెర్మటోస్కోప్‌లో ఎల్‌ఈడీల ముందు ఒక పోలరైజర్, లెన్స్ ముందు దానికి అడ్డంగా ఇంకోటి ఉంటాయి. చర్మం పైనే తగిలి తిరిగొచ్చే కాంతిని రెండోది ఆపేస్తుంది. లోపలికెళ్లి చెదిరి వచ్చిన కాంతి మాత్రం లెన్స్‌కి చేరుతుంది. పోలరాయిడ్ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుంటే చెరువు నీళ్ల మీద మెరుపు పోయి లోపలున్నది కనిపిస్తుంది కదా, అలాగన్నమాట. పెద్దది చేసి చూపించేది మాత్రం సాధారణంగా 10 రెట్లే!

బేసల్ సెల్ కార్సినోమా అయితే చెట్టు కొమ్మల్లా చీలిన రక్తనాళాలు, నీలి-బూడిద రంగు ముద్దలు కనిపించొచ్చు. మన చర్మంలో ఇది తరచూ నల్లగా ఉంటుంది, అందుకే పుట్టుమచ్చేలే అని వదిలేస్తారు.

మరి బెంచ్‌మార్క్? 2018 కోక్రేన్ సమీక్ష లెక్క ఇది: క్యాన్సర్ కాని 100 మచ్చల్లో 80ని సరిగ్గా పక్కనపెట్టే స్థాయిలో పోలిస్తే, 100 బేసల్ సెల్ కేసుల్లో ఉత్త కంటికి 79, డెర్మటోస్కోప్ కూడా వాడితే 93 దొరుకుతాయి. స్క్వేమస్ సెల్ రకానికి మాత్రం ఇంత గట్టి ఆధారాలు లేవు.

బొంతపల్లి వైపు వాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. పక్కనే ఉన్న పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో ఆర్సెనిక్ లాంటివి ఎక్కువగా ఉన్నట్టు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించారు. ఏళ్ల తరబడి నీళ్ల ద్వారా ఒంట్లోకి చేరితే ఆర్సెనిక్ ఈ రెండు రకాల క్యాన్సర్లకూ కారణం కాగలదు, అదీ ఎండ తగలని చోట కూడా. అలాగని ఇక్కడి ప్రతి మచ్చనీ అనుమానించక్కర్లేదు.

ఫోన్‌కి తగిలించే డెర్మ్‌లైట్ లాంటి అటాచ్‌మెంట్లు ఉన్నాయి. కొనాలా? నా మాటైతే వద్దు. బొమ్మ చూసి చదవగలిగే కన్ను బాక్స్‌లో రాదు, అనుమానం వస్తే తేల్చేది బయాప్సీయే. ఫోన్‌తో చేయగల పని ఒకటుంది: బ్యూటీ ఫిల్టర్ ఆపేసి, పక్కన స్కేల్ పెట్టి, ఒకే వెలుతురులో నెలకో ఫొటో తీయండి. కానీ ఇప్పటికే నెల దాటినా మానని పుండుకి ఇంకో ఫొటో కోసం ఆగొద్దు. ఉన్న ఫొటోలతోనే చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లి, డెర్మోస్కోపీ చేస్తారా అని అడగండి.