రూటర్ మాట వినకపోతే

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలపాటు ప్రపంచమంతటా ఆగిపోయాయి. నిర్వహణ పనుల్లో ఇచ్చిన ఒక ఆదేశం ఆ సంస్థ డేటా సెంటర్లను కలిపే ప్రధాన నెట్‌వర్కునే తెంచేసింది. సరిదిద్దుదామంటే దూరం నుంచి రూటర్లను చేరే వీల్లేదు. అత్యవసరానికని విడిగా పెట్టుకున్న నెట్‌వర్కూ పనిచేయలేదు. చివరికి ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లి, కట్టుదిట్టమైన భద్రత దాటి, యంత్రాల దగ్గరికి చేరుకోవాల్సి వచ్చింది.

అలాంటి వేళ ఆదుకునేది రూటర్ మీదుండే కన్సోల్ పోర్టు. రూటర్‌కు ఐపీ చిరునామా లేకపోయినా, మిగతా పోర్టులన్నీ మూసుకుపోయినా దీనికి పట్టదు. లాప్‌టాప్‌కు ఒక కేబుల్ తగిలిస్తే చాలు. దీని వెనకున్న ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. ఇన్నేళ్లయినా దీన్ని ఎవరూ తీసిపారేయలేదంటే కారణం దాని నిరాడంబరతే.

అయితే సెట్టింగులు మారిస్తే ఈ పోర్టూ మొరాయిస్తుంది. ఎక్కువగా తంటా తెచ్చేది వేగం. సిస్కో రూటర్లలో మామూలుగా ఇది సెకనుకు 9600 బిట్లు. అంటే ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు ఉంటుంది. రెండు వైపులా ఉమ్మడి గడియారం లేదు, ముందే ఒప్పుకున్న వేగాన్ని నమ్ముకునే ఎవరి లెక్క వారు చూసుకుంటారు. ఎవరైనా రూటర్‌లో దాన్ని 115200కు మార్చి ఊరుకుంటే అక్కడ బిట్ తొమ్మిది మైక్రోసెకన్లలోపే ముగుస్తుంది. కోలాటంలో ఇద్దరి లయ వేరైనట్టే! తెర మీద పిచ్చి గీతలు, అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి.

నిజానికి ఆ పిచ్చి గుర్తులు శుభవార్త. కేబుల్ బాగుంది, పోర్టు బతికే ఉంది, చాలావరకు వేగం ఒక్కటే కుదరలేదని అర్థం. 9600, 19200, 38400, 57600, 115200 వరుసగా ప్రయత్నిస్తే ఏదో ఒకచోట అక్షరాలు తేటపడతాయి. రూటర్ రాసేది కనిపిస్తూ, మనం టైపు చేసేది మాత్రం వెళ్లకపోతే టెర్మినల్ ప్రోగ్రాంలో ఫ్లో కంట్రోల్ ఆపి చూడాలి.

పాస్‌వర్డే మారిపోయి ఎవరికీ గుర్తులేకపోతే? సిస్కో రూటర్ ఆన్ అయిన మొదటి నిమిషంలో బ్రేక్ సంకేతం పంపితే అది అసలు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లకుండా రోమ్‌మాన్ అనే చిన్న ప్రోగ్రాం దగ్గర ఆగుతుంది. బ్రేక్ అంటే మామూలు అక్షరం కాదు. ఒక అక్షరం పట్టే కాలాన్ని మించి లైనును సున్నా దగ్గరే పట్టి ఉంచడం. లాప్‌టాప్‌కు తగిలించే కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు దీన్ని సరిగా పంపలేవు. అప్పుడొక చక్కని ఉపాయం ఉంది. లాప్‌టాప్ వేగాన్ని కావాలనే 1200కు తగ్గించి, రూటర్ ఆన్ చేసి, పది పదిహేను సెకన్లు స్పేస్‌బార్ నొక్కుతూ ఉండాలి. ఆ వేగంలో స్పేస్ అక్షరపు ప్రారంభ బిట్, దాని వెనకున్న ఐదు సున్నాలు కలిసి 5 మిల్లీసెకన్లు సాగుతాయి. 9600 వేగంలో వింటున్న రూటర్‌కు పూర్తి అక్షరమే ఒక మిల్లీసెకను. అందుకే అది బ్రేక్ వచ్చిందనుకుంటుంది. ఆ తర్వాత లాప్‌టాప్‌ను మళ్లీ 9600కు తెచ్చుకోవాలి. చిక్కు తెచ్చే వేగాల తేడానే చిక్కు విప్పడానికి వాడుకోవడం ఇంజనీరింగ్‌లోని అందం.

అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ నేర్చుకున్నవారికి ఆ తర్వాత కావాల్సిన సంఖ్య కంఠతా వచ్చి ఉంటుంది: 2142. రూటర్ ఎలా లేవాలో నిర్ణయించే కాన్ఫిగరేషన్ రిజిస్టర్ మామూలు విలువ హెక్సాడెసిమల్ లెక్కలో 2102. దాన్ని 2142 చేస్తే ఒకే ఒక్క బిట్ మారుతుంది. దాంతో రూటర్ భద్రపరిచిన సెట్టింగులను చదవకుండా, పాస్‌వర్డ్ అడగకుండా లేస్తుంది. ఇక్కడే జాగ్రత్త కావాలి. ముందు పాత సెట్టింగులను రూటర్ అప్పుడు వాడుతున్న మెమరీలోకి తెచ్చుకుని, పాస్‌వర్డ్ మార్చి, మూసుకున్న పోర్టులు తెరిచి, రిజిస్టర్‌ను 2102కు తిప్పి, అప్పుడు సేవ్ చేయాలి. వరుస తప్పి ఖాళీ సెట్టింగులను సేవ్ చేస్తే పాతవి తుడిచిపెట్టుకుపోతాయి. పాస్‌వర్డ్ రికవరీనే నిషేధించిన రూటర్లలోనైతే సెట్టింగులన్నీ చెరిపేయడమొక్కటే దారి. వేరేచోట నకలు ఉంటేనే గట్టెక్కుతాం.

ఇంతదాకా రాకుండా చూసుకోవచ్చు. పెద్ద మార్పుకు ముందు పది నిమిషాల్లో రీబూట్ కమ్మని సిస్కో రూటర్‌కు ముందే చెప్పవచ్చు; మార్పు బెడిసికొడితే, సేవ్ చేయనంతవరకు, పాత సెట్టింగులతోనే లేస్తుంది. జునిపర్ రూటర్లలో మార్పును గడువులోగా ధ్రువీకరించకపోతే అదే వెనక్కి వెళ్లిపోయే ఏర్పాటుంది.

కెనడాలో 2022 జూలై 8న రోజర్స్ టెలికాం సంస్థ నెట్‌వర్కు కూలి కోటీ ఇరవై లక్షల మందికి పైగా సేవలు ఆగాయి. ఒక రూటర్‌లో వడపోత నిబంధన తీసేయడంతో మొదలైన గొడవ అది. మరమ్మతుకు వాడే నిర్వహణ నెట్‌వర్కు కూడా ఆ కూలిన నెట్‌వర్కు మీదే ఆధారపడి ఉంది. అందుకే ఆసుపత్రులు, కళాశాలలు, బ్యాంకు శాఖల రూటర్లను చూసుకునేవారు కన్సోల్‌కు వేరే దారి ఒకటి ఏర్పరచుకోవాలి. కన్సోల్ వేగం ఎంతో, పాస్‌వర్డ్ ఎక్కడుందో బాధ్యులకు తెలిసి ఉండాలి. కేబుల్ తగిలించి ఈ రోజే ఒకసారి పరీక్షించండి.