షిఫ్టు చూసి సినిమా

మా చిన్నాన్న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాళ్ళ కమ్యూనిటీ హాల్లో ఇంటిల్లిపాదికీ సినిమా, ఆటలు పెట్టాలంటే ముందు షిఫ్టులు చూడాలి. మధ్యాహ్నం 2కి ఎక్కినవాళ్ళు రాత్రి 10కి దిగుతారు. అదే 10కి ఇంకొకళ్ళు ఎక్కాలి.

‘మాయాబజార్’ (1957) దగ్గర దగ్గర 3 గంటలు. 7కి మొదలెడితే రాత్రి షిఫ్టు నాన్నలు శశిరేఖ పెళ్ళి చూడకుండానే లేచిపోవాలి. అందుకని 5కే వెయ్యాలి. 8కి పులిహోర. ఆటలు ఆ తర్వాతే, ఎందుకంటే ఆట మధ్యలో లేచినా ఫరవాలేదు. అష్టాచెమ్మాకి గవ్వలు, వామనగుంటలకి చింతపిక్కలు చాలు. చదువురాని అమ్మమ్మలే గెలుస్తారు (నేను ఓడిపోయాను!).

మధ్యాహ్నం షిఫ్టువాళ్ళకి మాత్రం ఇది కుదరదు. షిఫ్టులు మారాక వాళ్ళ కోసం ఇంకోసారి వెయ్యాల్సిందే.

వార్డెన్ గారూ, మన అమ్మానాన్నలకి షిఫ్టుల్లేవు గాని ఊరికి ఆఖరి బస్సుంది. వాళ్ళొచ్చే రోజున సినిమా మధ్యాహ్నం 1కే వేయించండి.