చీ వేరు, ఛీ వేరు

తాయ్ చీ పేరు మీరు వినే ఉంటారు. చైనావారి వ్యాయామం. మెడలోతు నీళ్ళలో నడుస్తున్నట్టు నెమ్మదిగా చేస్తారు. కీళ్ళనొప్పులకూ, పెద్దవయసులో తూలి పడిపోకుండా ఉండటానికీ మంచిదని డాక్టర్లమే చెబుతున్నాం. అయితే చాలామంది దాన్ని గురువు దగ్గర కాకుండా పుస్తకం చూసి నేర్చుకుంటున్నారు. చైనా భాషలోంచి ఇంగ్లీషులోకీ, అక్కణ్ణించి తెలుగులోకీ దిగేసరికి మాటల అర్థం మారిపోతోంది. ఆ తప్పు అర్థాన్ని ఒంటిమీద ప్రయోగించుకుని, మోకాళ్ళు పట్టుకుని ఆస్పత్రికి వస్తున్నారు. అందుకని ఈ వారం మందుల సంగతి పక్కన పెట్టి మాటల సంగతి చెబుతాను.

ముందు పేరే చూడండి. తాయ్ చీ అంటే 'గొప్ప ప్రాణశక్తి' అని రాసేస్తున్నారు. కాదు. ఈ 'చీ'కి మొదటి అర్థం ఇంటికప్పు కొప్పున వేసే దూలం. దాన్నిబట్టి కొస, పరాకాష్ఠ అనే అర్థం వచ్చింది. తాయ్ చీ అంటే ఇక దానికి పైన ఏమీ లేనిది, యిన్ యాంగ్ అనే జంటకు మూలమైనది. దాని వెనక 'ఛ్వెన్' చేరిస్తే వ్యాయామం పూర్తిపేరు అవుతుంది. ఛ్వెన్ అంటే పిడికిలి. అవును, పుట్టుకతో ఇది పోట్లాట విద్యే!

ప్రాణశక్తి అని చెప్పుకునే మాట వేరే ఉంది. అది 'ఛీ'. మొదటిది ఒత్తు లేని చ, రెండోది ఒత్తు ఉన్న ఛ. ఇంగ్లీషులో ఈ తేడా రాయడానికి అక్షరం లేదు. పందొమ్మిదో శతాబ్దంలో వేడ్, గైల్స్ అనే పండితులు స్థిరపరచిన పద్ధతిలో, ఒత్తు పలకాల్సినచోట అక్షరం పక్కన కామాలాంటి చిన్నగుర్తు పెట్టేవారు. అచ్చులో ఆ గుర్తు కాస్తా ఎగిరిపోయింది, రెండుమాటలూ ఒకటైపోయాయి. మన ఓనమాల్లో రెండక్షరాలూ నిక్షేపంలా ఉన్నాయి. మన భాషలో 'ఛీ' అంటే ఏమిటో తెలుసు గనక రాసేవాళ్ళు మొహమాటపడి ఉంటారు!

ఇంతకీ ఈ ఛీ ఏమిటి? పాతలిపిలో ఆ అక్షరంలో ఆవిరి గుర్తు, దానికింద బియ్యం గుర్తు ఉంటాయి. ఊపిరి, గాలి, ఆవిరి వీటన్నిటికీ ఆ మాటే. ఇతర మాటలతో చేరి వాతావరణం, కోపం కూడా అవుతుంది. దీన్ని 'ప్రాణవాయువు' అని తెలుగు చేస్తే చిక్కే. బడిపిల్లల పుస్తకాల్లో ప్రాణవాయువంటే ఆక్సిజన్. 'ప్రాణవాయువును పొత్తికడుపులోకి దింపండి' అని చదివిన ఒకాయన, రక్తపుపోటు మనిషి, రోజూ పొద్దున్నే ఊపిరి బిగబట్టి, పొట్ట ఉబ్బించి నిలబడేవారు. ఊపిరి బిగబట్టి ముక్కితే పోటు ఒక్కసారిగా పెరుగుతుంది. పైగా లోపల ప్రాణశక్తి పెరుగుతోంది కదా అని మాత్రలు కూడా మానేశారు. ఏ వ్యాయామం మొదలుపెట్టినా సరే, డాక్టరు చెప్పకుండా మాత్ర మానకండి.

గాలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది గాని పొత్తికడుపులోకి పోదు. రొమ్ముకూ కడుపుకూ మధ్య గొడుగులాంటి కండరపు పొర ఉంది. గాలి పీల్చినప్పుడు అది కిందికి దిగుతుంది, పొట్ట ముందుకు వస్తుంది. నిద్రపోతున్న పసిబిడ్డ పొట్ట చూడండి, తెలుస్తుంది. బిగబట్టడమన్నది అందులో లేదు. ఇక పొత్తికడుపులోని ఆ చోటుకు చైనావారు పెట్టిన పేరు 'ఇంగిలీకపు మడి'. అది రసవాదుల మాట. కోసి చూస్తే అక్కడ పేగులే ఉంటాయి గాని వేరే అవయవం ఏదీ కనబడదు. మనసు నిలపడానికి పెట్టుకున్న గుర్తు అది. దాన్ని 'నాభిచక్రం' అనడం నాకు సమ్మతం కాదు, యోగశాస్త్రం లెక్క వేరు.

'సుంగ్' అని ఇంకో మాట ఉంది. 'విశ్రాంతి' అని తెలుగు చేస్తున్నారు. ఆ అక్షరంపైన జుట్టు గుర్తు ఉంటుంది. బిగించిన కొప్పు విప్పితే జుట్టు వదులవుతుంది గాని కుదుళ్ళు ఊడిరావు కదా? అదీ సుంగ్. అక్కరలేని బిగువు తీసేయాలి, నిలబెట్టే బిగువు ఉండాలి. విశ్రాంతి అనుకుని ఒళ్ళు వదిలేస్తే బరువంతా మోకాలి కీలుమీద పడుతుంది.

అలాగే 'రొమ్ము లోపలికి ముడవండి' అని చదివి గూని తెచ్చుకుంటున్నారు. అక్కడున్న మాటకు నోట్లో ఉంచుకోవడమని అర్థం. కలకండ పలుకు బుగ్గన పెట్టుకున్నట్టన్నమాట, మింగకూడదు, ఉమ్మకూడదు. పోలీసు కవాతులోలా రొమ్ము విరుచుకోవద్దనే తప్ప వెన్ను వంచమని కాదు.

ఒక్కచోట మాత్రం మనకు ఇంగ్లీషువాళ్ళకంటే సుళువు. 'యావ్' అనే మాటకు వాళ్ళు ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి రాస్తారు. మనకు నడుము అంటే చాలు. మొలతాడు కట్టేదీ నడుమే, నొప్పిపుట్టేదీ నడుమే.

అన్నిటికంటే ముఖ్యమైనది 'శూన్యం, పూర్ణం'. ఈ సంస్కృతం చూసి ఏదో వేదాంతమనుకునేరు! బరువు మోస్తున్న కాలు నిండుకాలు, బరువు లేనిది ఖాళీకాలు. మొదట నేర్చుకోవలసింది ఇంతే. ముసలివాళ్ళు పడిపోయేది చాలావరకు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి బరువు మారేటప్పుడే. అమెరికాలోని ఆరెగన్‌లో 195 మంది పార్కిన్సన్ రోగులను మూడు జట్లుచేసి, వారానికి రెండుసార్ల చొప్పున 24 వారాలు వ్యాయామం చేయించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవారికంటే తాయ్ చీ జట్టువారు తక్కువసార్లు పడ్డారు. నిలకడలో మిగతా రెండుజట్లకంటే మెరుగయ్యారు.

ఇంట్లో ఇలా చేసి చూడండి. కుర్చీ వెనకపట్టె పట్టుకుని పాదాలు జానెడు ఎడంగా పెట్టండి. మోకాళ్ళు కొంచెమే వంచండి, బొటనవేలు దాటి ముందుకు పోనివ్వకండి. బరువంతా నెమ్మదిగా కుడికాలిమీదికి తెచ్చి, ఎడమకాలు పూర్తిగా ఖాళీ అయ్యాకే మడమ ఎత్తండి. మళ్ళీ దించి, అప్పుడు రెండోవైపు. అయిదు నిమిషాలు చాలు. ఊపిరి దాని మానాన అది ఆడుతుంది. కుర్చీ మాత్రం చక్రాలది కాకుండా చూసుకోండి.